ముందు అల్లుడికి

"ముందు అల్లుడికి వడ్డించవే!" అంది అమ్మమ్మ ఓపల్ మనవరాలు నడీన్‌తో, తమ ఆదివాసీ తెగ ఓసేజ్ మాటల్లో ప్రార్థన ముగించి.

ఆ ఇంటి పద్ధతే అంత. ఆ ఇంటి అల్లుడైన నడీన్ నాన్న బతికున్నన్నాళ్లూ ఆయన గిన్నె ఖాళీ అయ్యాకే మిగతావాళ్లు చెంచా ముట్టుకునేవాళ్లు.

కొత్తల్లుడు కర్టిస్ మురిసిపోయాడు. "ఇంత మర్యాద మా ఇంట్లో కూడా లేదండీ! పొద్దున్నుంచీ చారు కలియబెట్టినందుకు కూలి గిట్టింది."

వడ్డిస్తున్న నడీన్ గరిటె తప్పి మాంసం చారు బల్ల మీద ఒలికింది. పెళ్లై నెల కాలేదు. మొన్ననే అత్తవారింట్లో ఒక పాత ఫొటో కింద, అమ్మమ్మ కథల్లో విన్న పేరు చూసి హడలిపోయింది. చమురు బావుల వాటాల కోసం తెల్లవాళ్లు ఓసేజ్ ఇళ్లను వరసగా వల్లకాడు చేసిన రోజుల్లో, అమ్మమ్మ వాళ్లమ్మకు ఆఖరి సూది వేసిన డాక్టరు కర్టిస్ తాతే. ఆ సంగతి కర్టిస్‌కి తెలియదు. అమ్మమ్మకు తెలిస్తే మాత్రం కొంప మునిగినట్టే. ఆ రోజుల భయంతో ఇప్పటికీ పట్టపగలు కూడా వసారాలో దీపాలు ఆర్పనివ్వని మనిషి ఆవిడ.

"మీ తాతగారు ఏం చేసేవారు బాబూ?" అని అడిగింది అమ్మమ్మ.

నడీన్ రొట్టెల పళ్లెం ముందుకు తోసింది. "అమ్మమ్మా, రొట్టెలు చల్లారిపోతున్నాయి!"

"నిన్నడిగానా?"

"డాక్టరండీ. ఈ ఊళ్లోనే చేశారట" అన్నాడు కర్టిస్.

అమ్మమ్మ అతను తింటున్నంతసేపూ రెప్ప వేయకుండా చూసింది. నా కాపురం అయిపోయింది, అనుకుంది నడీన్.

కర్టిస్ గిన్నె ఖాళీ చేసి, నీళ్లు తాగి, చెయ్యి కడుక్కోవడానికి లేచి వెళ్లాడు. అప్పుడు అమ్మమ్మ తన గిన్నె దగ్గరకు లాక్కుంది.

"తప్పు నాదే అమ్మమ్మా!" నడీన్‌కి ఏడుపొచ్చేసింది. "పెళ్లయ్యాకే తెలిసింది. తాత చేసిన పాపానికి అతనేం చేస్తాడు చెప్పు?"

"ఆ ముక్కు చూడగానే పోల్చుకున్నాలే."

"తెలిసీ అల్లుడి మర్యాద చేశావా?"

"మర్యాదా? పిచ్చిమొహమా!" అమ్మమ్మ చారు చల్లార్చుకుంటూ అంది. "డాక్టరు వచ్చింది చివర్న. అప్పటికి నెల్లాళ్లుగా అమ్మ తాగే చారులో విషం పడుతూనే ఉంది."

"ఎవరు కలిపారు?"

"ఆ ఇంటి తెల్ల అల్లుడు" అంది అమ్మమ్మ. "మా నాన్న."