రుచి చూసేదెవరు?

“పాలతోని చేసిన ప్రోటీన్ పొడి డబ్బా రెండువేల నాలుగొందలక్కా. గుడ్డు తెల్లసొనతోని చేసింది దాంట్ల సగమే. బలం రెండిట్ల ఒక్కతీరే,” అన్నాడు గద్వాల మందుల దుకాణంలో ఖలీల్.

శంకరమ్మ అలసటతో బల్లకు ఆనుకొన్నది. జ్వరపడి లేచిన భర్త మగ్గం ముందు గంటసేపైనా కూర్చోలేకపోతున్నాడు. రెండు పూటలా ప్రోటీన్ పొడి పట్టించమన్నారు డాక్టరుగారు. భర్తేమో బీచుపల్లి ఆంజనేయుని మాల ధరించి ఉన్నాడు. గుడ్డు వైపు కన్నెత్తి కూడా చూడడు.

“సగం ధరదే ఇయ్యి. ఆయనకు పాలదే అని చెప్త. గుడ్డు వాసనేమన్న వస్తదా?”

“వెనీలా కలిపిన్రు. జర నోట్లేసుకొని సూడు,” అంటూ ఖలీల్ నమూనా పొట్లం చింపి, చెంచాడు పొడి అందించాడు.

ఆమె చటుక్కున వెనక్కి జరిగింది. “ఇయ్యాల శనివారం! నేను ముట్ట. నువ్వే సూసి చెప్పు బిడ్డా.”

“నాకు రంజాన్ రోజా అక్కా, ఉపాసమున్న.”

“నాలికకు తాకిచ్చి ఊసెయ్యి. ఎవరు సూస్తుండ్రు?”

ఖలీల్ ఎండిన పెదవులతో నవ్వాడు. “మరి నిన్నెవరు సూస్తుండ్రని ఎనక్కి జరిగినవు?”

చెంచా అతని చేతిలోనే ఉండిపోయింది.

“పాలదాంట్ల చిన్న డబ్బా ఉన్నదా?” అని అడిగింది శంకరమ్మ. “రెండు పూటలు కాకుంటే ఒక్క పూటే పోస్త.”