డ్రైవర్ లేని కారు కేసు

డ్రైవర్ లేని కారు మనిషిని గుద్దితే కేసు ఎవరి మీద పెట్టాలి?

డ్రైవర్లున్న బస్సులే జనగామ డిపో దాటని రోజులవి. సకల జనుల సమ్మె నడుస్తోంది. బడులు బంద్, ఆఫీసులు బంద్. భూపాలపల్లిలో బొగ్గు పెళ్ల కదలడం లేదు. అయినా ‘తర్క వేదిక’ అనే వెబ్‌సైట్‌లో మాత్రం నూటా ఇరవై మంది పొద్దున్నే చేరి, ఎక్కడో అమెరికాలో తిరుగుతున్న ఆ కారు గురించి కత్తులు నూరుతున్నారు. సైన్సు, టెక్నాలజీ, కోర్టు తీర్పు, ఏ వార్త వచ్చినా చీల్చి చెండాడందే వాళ్లకు ముద్ద దిగదు.

ఆ వేదికకు మకుటం లేని మహారాజు మన ప్రభుదాసు. మూడేళ్లలో ఒక్కసారీ ఓడలేదు.

ఇంట్లో భార్య సారమ్మ ఆయన మాట ఖాతరు చేయదు. కొలువు దగ్గర పైఅధికారులు పేరు పెట్టి కూడా పిలవరు, “ఏయ్” అంటారు. వేదికలో మాత్రం ఆయన బిగించి ఒక ప్రశ్న వేస్తే అవతలివాడికి నోట మాట రాదు. నిజంగానే రాదు. అక్కడొక రూలుంది. అడిగినదానికి పది నిమిషాల్లో జవాబు రాకపోతే ఓడినట్టే. ప్రభుదాసు చేతిలో పోయినవాళ్లంతా అట్లా పోయినవాళ్లే.

“కరెంటు పోయిందన్నా” అని మర్నాడు ఎవరైనా మొత్తుకుంటే, “ఆడలేక మద్దెల ఓడన్నడట” అని రాసేవాడు.

మహారాజుకు పట్టింపులూ ఉన్నాయి. వాదిస్తే జనగామ వాళ్లతోనే. తొర్రూరు నుంచి ఎవడైనా సవాలు విసిరితే, “ముందు మన ఊరోళ్లతోటి తేలనియ్యి తమ్మీ” అని పక్కకు తప్పుకుంటాడు. ఇంటి నుంచి అసలు వాదించడు. డ్యూటీలో ఉన్నప్పుడే, సొంత ల్యాప్‌టాప్, డాటా కార్డు పెట్టుకుని కూర్చుంటాడు. ఊరంతా సమ్మెలో ఉంటే ఈయనకు డ్యూటీ ఏమిటంటారా? కొన్ని కొలువులంతే, వాటికి సెలవుండదు.

ఆ రోజు ఆఖరి పోటీ. గెలిచినవాళ్లకు సమ్మె అయిపోగానే హైదరాబాదులో సభ, శాలువా, ఒక కొత్త ల్యాప్‌టాప్. ప్రభుదాసుకు శాలువా కావాలి. దాన్ని కప్పుకుని సారమ్మ ముందు ఒక్కసారి నడవాలి.

ఎదుట నీలి. కొత్తగూడ దగ్గరి తండా పిల్ల, జనగామలో మేనమామ ఇంట్లో ఉండి లా చదువుతోంది. సొంత కంప్యూటర్ లేదు. నెట్ సెంటర్‌లో కుర్చీ ఖాళీ అయ్యేదాకా నిలబడుతుంది. ఆ ల్యాప్‌టాప్ వస్తే తన చదువు గట్టెక్కుతుందని వేదికలో దాచకుండానే రాసింది.

ప్రభుదాసు మొదలుపెట్టాడు. “మిషన్ చేసిన తప్పుకు మనిషిని పట్టుకుంటరా? ఎక్కడ్నో కూసున్నోనికి రోడ్డు మీద ఏమైతున్నదో ఎట్ల తెలుస్తది? దీని మీద పాత హైకోర్టు తీర్పే ఉన్నది.” తీర్పు నంబరు కూడా పెట్టాడు.

“ఎక్కడ కూసున్నా మీట నొక్కింది చెయ్యే కదన్నా. నొక్కినోడే జిమ్మేదారు” అని రాసింది నీలి.

వేదిక ఊగిపోయింది. చప్పట్ల బొమ్మలు వరసకట్టాయి. అవి ఆగకముందే ఆ పిల్ల ఇంకోటి రాసింది.

“మీరు చెప్పిన తీర్పు నేను చదివిన. అది కారు కేసు కాదు, ఎడ్లబండి కేసు. అండ్ల గూడ బండి తోలినోనికే శిక్ష పడ్డది. గా పేజీ టైపు చేస్తున్న, జర ఆగుండ్రి.”

ప్రభుదాసుకు ముచ్చెమటలు పోశాయి. ఆ తీర్పు ఆయన చదివితే కదా. నంబరు బాగుందని పెట్టాడు. మూడేళ్ల పరువు ఒక్క పేజీతో గంగలో కలిసేట్టుంది.

“చూపియ్యి మరి. పది నిమిషాలు” అని కొట్టి, కుర్చీలోంచి లేచాడు. కాలు నిలవక అటు రెండడుగులు వేశాడు. మళ్లీ వచ్చి కూర్చున్నాడు.

ఒక నిమిషం, రెండు నిమిషాలు. నీలి నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఫోన్ మోగింది. సారమ్మ.

“మళ్ల కరెంటు గుంజిండ్రు. పచ్చడి మిక్సీల సగమే అయింది.”

“రోట్లె నూరుకో.”

“నూరుతున్న తియ్యి. పక్కింటి అవ్వకు జరమొచ్చి పన్నది, ఫ్యాను లేక అట్టముక్కతోని ఇసురుతున్నరు. ఆమెనే అంటున్నది, తెలంగాణ కోసం గీ మాత్రం ఓర్చుకోకుంటే ఎట్ల బిడ్డా అని.”

అంతటి జనం మధ్య పుట్టినందుకు ప్రభుదాసుకు గర్వంగా అనిపించింది.

“అవ్, ఓర్చుకోవాలె” అన్నాడు.

పది నిమిషాలూ గడిచాయి. మానుకోటలో కూర్చుని వేదిక నడిపే మోతీలాల్ తీర్పు చెప్పాడు. “నీలి నుంచి జవాబు రాలే. రూలంటే రూలే. ప్రభుదాసన్న గెలిచిండు.” జనగామ వాళ్లు తప్ప అందరూ చప్పట్లు కొట్టారు.

ప్రభుదాసు కళ్లు తుడుచుకుని వినయంగా టైపు చేశాడు. “ఈ గెలుపు నాది కాదు. ఉద్యమం కోసం ఉక్కపోతను ఓర్చుకుంటున్న మా జనగామ ప్రజలది.”

తర్వాత ల్యాప్‌టాప్ మూసి, అటు రెండడుగులు వేసి, సబ్‌స్టేషన్ బోర్డు మీద ‘జనగామ టౌన్’ అని రాసున్న మీట మళ్లీ పైకెత్తి ఊరికి కరెంటు వదిలి, రిజిస్టర్‌లో కరెంటు ఎందుకు పోయిందన్న గడిలో నెల రోజులుగా రాస్తున్నట్టే ‘బొగ్గు సమ్మె’ అని రాశాడు.