అరవై రెండు నాటి టీము

“మీ అరవై రెండు నాటి ఫుట్‌బాల్ టీము ఇప్పుడు గ్రౌండ్లకు దిగితే హాఫ్ టైముకే ఐదు గోల్స్ తింటది సార్,” అంది భానుశ్రీ, పెరుగన్నం కలుపుకుంటూ.

హేమసుందర్‌కు ప్రాణం లేచొచ్చింది. హైదరాబాద్ ఆఫీసులో ఉన్నది ఒకే ఒక్క ఖాళీ. బదిలీ అడిగినవాళ్ళు ఇద్దరు, తనూ ఈ భానుశ్రీ. సాయంత్రం నాలుగింటికల్లా ఒక పేరు రాసి పంపాల్సింది ఎదురుగా కూర్చున్న మేనేజరు ఈశ్వరప్రసాద్. సికింద్రాబాద్ మనిషి. ఆ టీమును ఒక్క మాటన్నా ఆయన ఊరుకోడని ఢిల్లీ సాకేత్‌లోని ఈ ఆఫీసులో టీ ఇచ్చే భయ్యాకు కూడా తెలుసు. అలాంటిది ఏకంగా ఐదు గోల్సా!

ఈశ్వరప్రసాద్ చపాతీ ముక్కను డబ్బాలోనే వదిలేశాడు.

“ఎవరి మీదమ్మా ఐదు గోల్స్? మన హైదరాబాద్ కోచ్ రహీం సాబ్ తయారుచేసిన టీము మీదా? జకార్తా ఏషియన్ గేమ్స్‌లో కొరియాను కొట్టి బంగారం తెచ్చిన టీము అది!”

“రెండు-ఒకటి సార్,” స్కోరు అందించాడు శివకుమార్. మేనేజరు పక్క కుర్చీ ఎప్పుడూ ఆయనదే. మేనేజరు ఏమన్నా తలాడించడం, మధ్యమధ్య మంచినీళ్ళు అందించడం ఈ పెద్దమనిషి పని.

“తెచ్చిన్రు సార్, కాదంటలేను. అది అప్పటి ఆట. ఇప్పటోళ్ళు ఒక్క మ్యాచ్‌ల పది కిలోమీటర్లు ఉరుకుతరు. ఎవరు ఎక్కడ అలిసిండ్రో కోచ్ కంప్యూటర్ల చూస్కుంటడు. గార్డియోలా అసొంటి ఇప్పటి కోచ్ ముంగట మీ రహీం సాబ్ ప్లాన్ ఎంతసేపు నిలుస్తది?”

హేమసుందర్ ఇక ఆగలేదు. మూడు రోజులుగా ద్వారక నుంచి మెట్రోలో వస్తూ పోతూ ఆ టీము చరిత్ర బట్టీ పట్టింది ఇందుకే కదా! ఫుట్‌బాల్‌తో అతనికున్న చుట్టరికమల్లా చిన్నప్పుడు బంతిని తన్నబోతే చెప్పు ఎగిరి డ్రిల్లు మాస్టారి మీద పడటమే. కానీ వచ్చే నెల భార్య సుభద్రకు హైదరాబాద్‌లో పురుడు. అవసరం అలాంటిది.

“అలా ఎలా అంటావమ్మా? ఆ కంప్యూటర్లన్నీ రహీం సాబ్ బుర్రలోనే ఉండేవి. జర్నైల్ సింగ్ సంగతి తెలుసా నీకు? డిఫెండరు. దెబ్బ తగిలి తలకి కుట్లు పడ్డాయి. ఇంకో కోచ్ అయితే బెంచీ మీద కూర్చోబెట్టేవాడు. ఈయన ఏకంగా ఫార్వర్డుగా దింపారు. ఫైనల్లో గోల్ కొట్టాడు! మీ గార్డియోలాకి ఆ ధైర్యం ఉందా?”

ఈశ్వరప్రసాద్ బల్ల మీద చరిచాడు. “క్యా బాత్ హై! చెప్పవయ్యా, చెప్పు.”

హేమసుందర్ చెప్పాడు. మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాకు పెట్టిన నాలుగు గోల్స్ గురించి చెప్పాడు. ఆ టీములో ఆడిన బలరాం మన సికింద్రాబాద్ వాడేనంటూ ‘మన’ అన్న మాటను కాస్త ఒత్తి పలికాడు.

“ఆ టీముకి ఇప్పటి బూట్లు, ఇప్పటి తిండి, ఇప్పటి డాక్టర్లు ఇచ్చి చూడండి సార్. ఎవరు ఐదు తింటారో అప్పుడు తేలుద్ది.”

“గట్లయితే ఇప్పటోళ్ళకు అప్పటి బూట్లిచ్చి ఆడియ్యాలె. ఇదేం లెక్క అన్నా?” అంది భానుశ్రీ. “సార్, మీకు కోపమొచ్చినా సరే, ఇయ్యాల అడిగినా రేపడిగినా నేను ఇదే చెప్త. ఓడేది మీవోళ్ళే.”

ఈశ్వరప్రసాద్ ముఖం కందగడ్డలా అయింది. డబ్బాకు మూత పెట్టి లేచిపోయాడు.

అయ్యో, ఈ పిల్లకి బొత్తిగా బతకడం తెలీదు అనుకున్నాడు హేమసుందర్. జాలి కూడా వేసింది. జాలిపడి సీటు వదులుకునేంత మాత్రం కాదు.

నాలుగింటికి మేనేజరు ఇద్దరినీ తన గదిలోకి పిలిచాడు.

“భానుశ్రీ, నీ పేరు పంపించేశాను. ఒకటో తారీకు నుంచి హైదరాబాద్. రోజూ అన్నం ముందు కూర్చుని నీతో పోట్లాడే ఓపిక నాకు లేదమ్మా. ఆ తగువేదో అక్కడి మేనేజరుతో పెట్టుకో.”

“నిజంగనా సార్?” అంటూనే, ఆయన మళ్ళీ మనసు మార్చుకుంటాడేమోనన్న భయంతో ఆ అమ్మాయి గబగబా బయటికి నడిచింది.

హేమసుందర్ మేనేజరు బల్ల మీదికి వంగాడు.

“సార్... మరి నేను? వచ్చే నెల సుభద్రకి డెలివరీ అండి...”

“పదిహేను రోజులు సెలవు తీసుకో, ఎవరు కాదన్నారు? బదిలీ మాట మాత్రం ఎత్తకు.” ఈశ్వరప్రసాద్ లేచి వచ్చి ప్రేమగా భుజం మీద చెయ్యి వేశాడు. “శివకుమార్ తర్వాత మళ్ళీ ఇన్నేళ్ళకి ఆట తెలిసినవాడు దొరికాడు. నిన్ను పంపించేసి ఈ ఢిల్లీలో నేనెవరితో మాట్లాడాలయ్యా? రేపటి నుంచి లంచ్‌కి నా పక్కనే కూర్చో.”

మర్నాడు మధ్యాహ్నం, మేనేజరు చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు, శివకుమార్ తన కుర్చీని కొంచెం పక్కకి జరిపి చోటిచ్చాడు.

“రా తమ్ముడూ, కూర్చో,” అన్నాడు మెల్లగా. “నేను హైదరాబాద్ అడిగి తొమ్మిదేళ్ళయింది.”