గట్టుకొచ్చినవి

సముద్రం నిండా ఇనుప పొడి చల్లడం మొదలెట్టాక నీళ్ళకు పచ్చగా పాచి పట్టింది. ఆ పాచి బొగ్గుపులుసు వాయువును మింగి అడుక్కి దిగుతుందట, లోకం చల్లబడుతుందట. దాని కింద ఊపిరాడక చచ్చిన చేపలు మాత్రం రోజూ గట్టుకు కొట్టుకొస్తాయి. వాటిని తినకూడదు, పాతకూడదు, కాల్చకూడదు. అలా చేస్తే మింగిందంతా మళ్ళీ గాలిలో కలుస్తుంది. రాళ్ళు కట్టి లోతుకు పంపాలి. కొర్లమ్మ చేసే పని అదే.

ఆ ఉదయం ఆమె వంతుకొచ్చిన ఇసుక మేరలో, చేపల మధ్య, మొగుడు ఎల్లాజీ పడి ఉన్నాడు. మొన్న పొడి చల్లుతూ పడవ మీంచి జారినవాడు. అరచేతుల తుప్పు ఇంకా వదల్లేదు.

“ఇది సేప కాదు బావూ, మా ఇంటాయన. అట్టుకెళ్ళి కాల్సుకుంటాను.”

“కాలిస్తే పొగ రాదా? మరి ఇన్నాళ్ళూ ఆయన పొడి ఎందుకు చల్లినట్టు?” అన్నాడు సూపర్‌వైజరు, బూట్లు తడవకుండా వెనక్కి జరుగుతూ.

“పిల్లలకి ఒక్కపాలి ముకం సూపించనీ బావూ.”

“ఎండెక్కుతోంది. కానియ్.”

కొర్లమ్మ రాయి కట్టింది. ముడి కావాలనే వదులుగా వేసింది. తేలితే రేపు పిల్లల్ని తెచ్చుకోవచ్చు.

పక్క వంతు సోములమ్మ అది చూసింది. వచ్చి కూచుని, ముడి విప్పి, మోకాలు ఆనించి బిగించింది.

“మా గుంటడికి నానూ ఇలాగే ఒదులుగా కట్టినాను సెల్లీ. మర్నాడే తిరిగొచ్చినాడు. ముకం నేదు.”