గ్రహణం విడిచేదాకా

సూర్యగ్రహణం పట్టే వేళకు సుబ్బరావమ్మ నిండు గర్భిణి అయిన కోడలు శ్రీదివ్యను గదిలో వెల్లకిలా పడుకోబెట్టింది. కిటికీకి మిరపకాయలు ఆరబోసే పట్టా కట్టి, ఆ చీకట్లో తానూ పక్కనే కూర్చుంది.

"విడిచేదాకా కదలకమ్మా. నా పెద్దోడు గ్రహణం మొర్రితో పుట్టాడు. పాలు పీల్చలేక నా చేతుల్లోనే పోయాడు. అప్పుడు నాకు చెప్పేవాళ్లే లేకపోయారు."

కాసేపటికి శ్రీదివ్య పొట్ట మీద చెయ్యి వేసుకుంది. "అత్తయ్యా, బిడ్డ కదలట్లేదు. భయంగా ఉంది. ఆసుపత్రికి పోదాం."

"వాడికీ తెలుసులే, కదలకూడదని. బుద్ధిమంతుడు."

శ్రీదివ్య ఏడుస్తూ లేవబోయింది. సుబ్బరావమ్మ రెండు భుజాలూ పట్టి ఆపింది. వీధిలో మనిషి అలికిడి లేదు.

గ్రహణం విడవగానే, విడుపు స్నానం కూడా చేయించకుండా ఆటోలో వినుకొండ ఆసుపత్రికి తీసుకెళ్లింది.

సాయంత్రం కాన్పయింది. మగబిడ్డ. నర్సు చేతుల్లో ఉన్న పసివాణ్ణి సుబ్బరావమ్మ వంగి చూసింది. పెదవి మీద చిన్న గీత కూడా లేదు.

"దేవుడు కాపాడాడు తల్లీ," అంది కళ్లు ఒత్తుకుంటూ.

నర్సు బిడ్డ ముఖం మీదికి గుడ్డ కప్పింది.