లియాండ్రా జడలు

“ఒక్కసారి జడ లాగి చూస్తానే పిల్లా, ఏమీ అనుకోకు!” బ్యాండు మేళం హోరులో గొంతు చించుకుంది కసిమిరా.

“చాల్లే అక్కా! ఊరేగింపు కదిలే వేళకి నా జడల మీద పడ్డావేంటి?” లియాండ్రా నవ్వుతూ టోపీ సర్దుకుంది.

కార్నివాల్ సంబరంతో బొలీవియాలోని ఒరూరో పట్నం వీధులన్నీ ఊగిపోతున్నాయి. నాట్యం చేసే ఆడవాళ్ళ వరుసకు పెద్ద అయిన కసిమిరా కళ్ళు మాత్రం లియాండ్రా జడల మీదే ఉన్నాయి. నిరుడు పక్క బృందంలో ఒక పిల్ల సవరం జడ సరిగ్గా న్యాయనిర్ణేతల ముందే ఊడిపడింది. వీధి వీధంతా ఈలలే. ఈ ఊళ్ళో అంతకంటే తలవంపులు లేవు.

ఆ జడలు సవరాలేమోనన్న అనుమానం ఊరికే రాలేదు. రొమ్ము క్యాన్సర్ వార్డు గుమ్మంలో లియాండ్రాను కసిమిరా కళ్ళారా చూసింది. ఆ పిల్ల ఇంట్లోంచి వాంతుల చప్పుడు వీధిలోకి వినపడేది. నోటిపూతకు ఏం పెట్టాలక్కా అని అడిగింది కూడా ఈ పిల్లే. కీమో అయిపోయింది కాబోలు, మొన్న మందుల షాపులో హార్మోను మాత్రలు కొంటూ దొరికిపోయింది. ఎముకలు కొరికే చలిలోనూ ఆ ఇంటి కిటికీలు బార్లా తెరిచే ఉంటున్నాయి. ఆ మాత్రలతో ఒంట్లో ఆవిర్లు ఎలా కమ్ముకొస్తాయో కసిమిరాకు తెలుసు. ఆమె చెల్లెలూ ఇవన్నీ పడింది. జుట్టే కాదు, కనుబొమలు కూడా రాలిపోయాయి దానికి. లియాండ్రా కనుబొమలు చూస్తే పెన్సిలుతో దిద్దినవే!

“ఇంత బరువు బట్టల్లో ఆడితే పడిపోవూ? ఇంట్లో పడుకోరాదూ!”

“మూడేళ్ళు ఊరేగింపులో ఆడాలని మొక్కు అక్కా. ఇదే ఆఖరేడు. ఇప్పుడు మానేస్తే గనుల్ని కాచే మేరీ తల్లి, మన గని మాత ఊరుకుంటుందా?”

“మీ ఆయనైనా చెప్పడేం?”

“ఆయనా? నాకంటే మొండి!”

వెనక వరుసలో, గుడ్లు మిటకరించి నాలుక చాపిన ముసుగు తొడుక్కున్న ఆమె మొగుడు ఎఫ్రాయిన్ చేతిలోని గిలక్కాయ గిరగిరా తిప్పి చూపించాడు. ఈ ఏడు అభ్యాసాలకు చెవుల దాకా ఉన్ని టోపీ లాక్కుని వచ్చేవాడు, బీరు ముట్టేవాడు కాదు. పెళ్ళాం కోసం తాగుడు మానేశాడని ఆడవాళ్ళంతా మురిసిపోయారు.

డప్పు మోగింది. కసిమిరా ఇక ఆగలేక జడ పట్టుకుని ఒక్క గుంజు గుంజింది.

“అమ్మా! పీకేశావు కదక్కా!”

జడ ఊడలేదు. సొంత జుట్టే!

“మహిమ!” కసిమిరా ఎగిరి గంతేసింది. “కీమో ఎక్కించినా ఒక్క వెంట్రుక రాలలేదే! గని మాత మహిమ!”

లియాండ్రా ఏదో చెప్పబోయింది. ఆ మాటల్ని మేళం మింగేసింది.

ఆ తర్వాత ఆ వరుస ఆడలేదు, ఎగిరింది. న్యాయనిర్ణేతలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కసిమిరా మోకాళ్ళ నొప్పులే మరిచిపోయింది. చెల్లెలు బతికుంటే ఈ వింత చూసేది కదా అని ఏడుస్తూ ఆడింది.

గని మాత గుడి వచ్చింది. ఇక్కడ ముసుగులు తీసి, మోకాళ్ళ మీద తల్లి దగ్గరకు పోవాలి.

“నువ్వే ముందు నడు పిల్లా! మొక్కు నీది!”

“నాది కాదక్కా,” అంటూ లియాండ్రా నడుముకు దోపుకున్న విసనకర్ర లాగి వెనక్కి, మొగుడి దగ్గరకు పరిగెత్తింది.

ఎఫ్రాయిన్ మోకాళ్ళ మీద కూలబడి, ఆయాసంతో, నవ్వుతూ ముసుగు ఎత్తాడు. లోపలి ఉన్ని టోపీ కూడా దానితోనే వచ్చేసింది. నున్నటి గుండు. చెమట పడలేక గీయించుకున్నాడేమో అనుకుంది కసిమిరా.

కనుబొమలు కూడా లేవు. రొమ్ము క్యాన్సర్ మగాళ్ళకూ వస్తుందని చెల్లెలి డాక్టరు అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది కసిమిరాకు.