చప్పుడు చేయని కణం

నిద్రలో కొడుకు చప్పుడు లేకుండా పోతాడేమోనన్నదే అక్సా భయం. మూడేళ్ల స్టీవ్ నాలుగడుగులు వేస్తే చతికిలపడుతున్నాడు. మైటోకాండ్రియాలో లోపమేమో చూద్దామని డాక్టరు నెల క్రితం రక్తం తీయించాడు. రిపోర్టు ఇవాళ వస్తుంది.

పదో తరగతితో చదువాగిన అక్సాకు ఆ పేరు పలకడానికే నోరు తిరగలేదు. అందుకే తమ భీమవరం పిల్ల వాసవి, నగరం అవతల జియా సరాయ్‌లోని తన అద్దె గది నుంచి జనక్‌పురిలో తమ ఇంటికి వచ్చేసరికి ప్రాణం లేచొచ్చింది. వాసవి పరిశోధన కణాల మీదే.

వాసవి రెండు సంచులు దించింది. "కుక్కర్, ఇస్త్రీపెట్టె, దుప్పట్లు. ఉంచుకో అక్కా. ఊరెళ్తున్నా."

"గదంతా నా నెత్తిన పెట్టావేమే! పెళ్లేమైనా కుదిరిందా?"

వాసవి నవ్వింది. "ల్యాబులో ఫ్రీజర్ చెడింది. నాలుగేళ్లుగా పెంచిన కణాలన్నీ పోయాయి. కూలర్ పక్క గది ఇషితకిచ్చేశా."

"పోతే పోయాయిలే. నా సీసా మాత్రం మర్చిపోకు. మీ అమ్మ ఆవకాయ లేందే మా ఆయనకి ముద్ద దిగదు."

ఊరికి ఎవరు వెళ్లినా మిగతావాళ్ల ఖాళీ సీసాలు పట్టుకెళ్లి నింపుకురావడం వాళ్ల అలవాటు. అక్సా పోయిన వారమే తన ఖాళీ సీసాను వాసవికిమ్మని, ఆమె ఇంటి ఓనర్ దీదీ చేతికిచ్చి వచ్చింది.

"ఇంతకీ ఆ మైటోకాండ్రియా ఏం చేస్తదే?"

"కణానికి బలమిచ్చేది అదే. కణం బాగా దెబ్బతింటే, ఇక చాలని సైగ చేసేదీ అదే. లోపల దాచుకున్న ప్రొటీన్ ఒకటి బయటికి వదుల్తుంది. అంతే. కణం తనను తానే ముక్కలు చేసుకుని చిన్న చిన్న మూటలు కట్టేస్తుంది. పక్క కణాలు వాటిని తీసేసుకుంటాయి."

"నొప్పో, వాపో ఉండదా?"

"ఉండదక్కా. పక్కవాళ్లకి ఏ ఇబ్బందీ పెట్టకుండా పోతుంది."

"యేసయ్యా!" అక్సా కొడుకును గుండెకు హత్తుకుంది.

"వీడికేం కాదు," అంటూ వాసవి స్టీవ్ తల నిమిరింది. చాలాసేపు నిమిరి, వెళ్లిపోయింది.

సాయంత్రం ఆస్పత్రి డ్యూటీ నుంచి భర్త నథానియేలు ఫోన్ చేశాడు. "లోపమేం లేదు! డి విటమిన్ తక్కువంట, అంతే!"

అక్సా ఏడ్చేసింది. ముందు వాసవికే చెప్పాలనుకుంది. మూడుసార్లు చేసినా ఎత్తలేదు. రైలెక్కేసి ఉంటుందిలే అనుకుంటూ సంచి విప్పింది. అన్నీ ఉతికి, మడతపెట్టి, చిన్న చిన్న మూటలుగా కట్టి ఉన్నాయి. కుక్కర్‌లో ఏదో కదిలింది. మూత తీసింది.

తన ఆవకాయ సీసా. ఖాళీగా, శుభ్రంగా తోమి ఉంది.

ఊరెళ్లే మనిషైతే సీసా వెనక్కెందుకిస్తుంది? అక్సా వెంటనే ఓనర్ దీదీకి ఫోన్ కలిపింది.

"దీదీ, పరుగెత్తి వాసవి తలుపు కొట్టండి!"